పెంటకుప్పలో పది రోజులు: పశువుల ఈగల పుట్టుక, వాటిని తినే పురుగులు, మనం చేయాల్సిన పని

ఆవు ఆగకుండా తోక విసురుతూ, ముందుకాళ్లు నేలకేసి కొడుతూ, మేత మీద మనసు పెట్టలేకపోతుంటే కొట్టంలో ఈగలు పెరిగాయని ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే. ఒక సీసా మందు తెచ్చి గోడలకీ, పశువు ఒంటి మీదా కొట్టి, ట్యాంకులో మిగిలింది పెంటకుప్ప మీద ఒంపేస్తారు. వారం రోజులు హాయిగా ఉంటుంది. మూడో వారానికి ఈగలు మళ్లీ ముసురుతాయి, ఒక్కోసారి మునుపటికంటే ఎక్కువగా.

ఆ మిగిలిన మందు దగ్గరే తేడా వస్తుంది. ఎండాకాలంలో ఇంటి ఈగ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి 7 నుంచి 10 రోజులు చాలు. ఆ ఈగను గూట్లో ఉండగానే తినేసే చిన్న కందిరీగ జాతులకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కుప్ప మీద మందు పడితే రెండూ చస్తాయి. ఈగ పక్కింటి దొడ్డి నుంచి ఎగిరొచ్చి పది రోజుల్లో మళ్లీ సంసారం పెట్టేస్తుంది. కందిరీగ కోలుకునేసరికి ఈగలు రెండు తరాలు ముందుంటాయి. అందుకే ఈగల పని పట్టాలంటే ముందు రోజుల లెక్క తెలియాలి.

ముందు అది ఏ ఈగో చూడండి

పొద్దున 8 నుంచి 10 గంటల మధ్య పశువును కట్టేసి, పక్కన నిలబడి పది నిమిషాలు చూడండి. ఈగ ఎక్కడ వాలింది, తల ఎటు పెట్టింది అన్న రెండు గుర్తులతో పని సగం తేలిపోతుంది.

కళ్ల కొసల్లో, ముక్కు చెమ్మ మీద, పుండ్ల మీద, పాల క్యాను మూత మీద వాలేవి ఇంటి ఈగ, దాని దాయాదులు. వీటి నోరు స్పాంజిలా మెత్తగా ఉంటుంది, కుట్టలేవు. అలాగని అమాయకమైనవేమీ కావు. కంటిలో సన్నటి తెల్ల పురుగులు పడటానికి, ఎడ్ల మూపురం మీద ఏళ్ల తరబడి మానని పుండుకీ ఈ మస్కా జాతి ఈగలే వాహకాలు.

కాళ్ల మీద, ముఖ్యంగా ముందుకాళ్ల మోకాలి కింద, తల పైకి పెట్టి వాలేది కుట్టే ఈగ. శాస్త్రీయంగా స్టోమాక్సిస్. చూడ్డానికి అచ్చం ఇంటి ఈగే. అయితే తలకింద నుంచి నల్లటి సూది ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, పొట్ట మీద చదరంగం గళ్లలా మచ్చలుంటాయి. ఆడా మగా రెండూ రక్తం తాగుతాయి. కడుపు నిండటానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. పశువు కాలు విదిలిస్తే సగం తాగి లేచి పక్క పశువు మీద వాలుతుంది. రోగం ఒకదాని నుంచి ఇంకోదానికి చేరేది ఆ సగం భోజనంతోనే. రక్తంలో సూక్ష్మజీవి చేరి వచ్చే సర్రా జ్వరం అలాగే పాకుతుంది. 2019లో ఒడిశాలో బయటపడి, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో పశువులను కుప్పలుగా చంపిన లంపీ స్కిన్ (ఒంటి నిండా గడ్డలు లేచే జబ్బు) వ్యాప్తిలోనూ ఈ ఈగకు, దోమలకు చేయి ఉంది.

వీపు, భుజం, మూపురం మీద గుంపుగా, తల కిందికి పెట్టి కూర్చుని, ఎండ ముదిరితే పొట్ట కిందికి దిగేది ఇంటి ఈగలో సగం ఉండే చిన్న ఈగ. దీన్ని గేదె ఈగ అందాం, శాస్త్రజ్ఞులకు హీమటోబియా. పశువు తల తిప్పి కొడితే లేచి, చుట్టు తిరిగి మళ్లీ అక్కడే వాలుతుంది. రాత్రీ పగలూ దాని కాపురం పశువు మీదే, రోజుకు ఇరవై నుంచి నలభై సార్లు గుటక వేస్తుంది.

జోరీగ గురించి చెప్పక్కర్లేదు, చెవి దగ్గర మోతే దాని చిరునామా. ఆడది మాత్రమే కుడుతుంది. మిగతావి సూది గుచ్చితే ఇది కత్తెరలాంటి నోటితో చర్మాన్ని కోస్తుంది. అది లేచిపోయాక కూడా రక్తం బొట్లు బొట్లుగా కారుతుంది, ఆ బొట్టు కోసం మామూలు ఈగలు చేరతాయి.

ఇక తోక కింద, గజ్జల్లో పీతలా పక్కకి జారుతూ, వేళ్ల మధ్య నలిపినా చావని చదును ఈగ ఒకటి ఉంది, హిప్పోబోస్కా. దీని బతుకు పూర్తిగా వేరు. గుడ్లు పెట్టదు. పిల్లపురుగును కడుపులోనే పెంచి, గూడు కట్టడానికి సిద్ధమయ్యాక ఒక్కొక్కటిగా గోడ బీటల్లో, పొడి మట్టిలో వదులుతుంది. దీనికి పేడతో పని లేదు కాబట్టి పేడ ఎంత ఎత్తినా తగ్గదు. బీటలు పూడ్చి మట్టిగోడ అలికితే తగ్గుతుంది.

పుట్టే చోట్లు, పట్టే రోజులు

పారతో పెంటకుప్ప అంచును ఒక మూల విప్పి చూడండి. పైన ఎండిన పెచ్చు ఉంటుంది. దాని కింద నాలుగు వేళ్ల మందాన తడి, వెచ్చని పొర. తెల్లటి పురుగులు బిలబిలలాడేది అక్కడే. ఇంకా లోపలికి వెళితే చేయి పెట్టలేనంత వేడి, అక్కడ పురుగు ఉండదు. కుప్ప నేలను తాకే అంచు దగ్గర, పొడిమట్టిలో వేలితో కెలికితే ఎర్రటి గుళికలు దొరుకుతాయి. ఇలా ఒక్క కుప్పలోనే ఈగ బతుకంతా పొరలు పొరలుగా కనిపిస్తుంది.

ఇంటి ఈగ ఒక్కో విడతకు 100 నుంచి 150 గుడ్లు, బియ్యపు నూకలా తెల్లగా, తడి పేడ సందుల్లో పెడుతుంది. జీవితంలో నాలుగైదు విడతలు. వేడిగా ఉంటే ఒక్క రోజులోపే పొదుగుతాయి. పురుగు రెండు సార్లు కుబుసం విడిచి పెరగడానికి నాలుగు నుంచి ఏడు రోజులు. అది పెరిగాక తడి నచ్చదు. పొడి, చల్లటి చోటు వెతుక్కుంటూ కుప్ప అంచుకు పాకి, తన చర్మాన్నే గట్టి పెంకుగా మార్చుకుని అందులో ముడుచుకుంటుంది. అదే ప్యూపా. ఆ గుళిక మొదట లేత పసుపు, తర్వాత ఇటుక ఎరుపు, ఈగ బయటికొచ్చే ముందు దాదాపు నలుపు. మూడు నుంచి ఆరు రోజుల్లో గుళిక మూతి ఊడి ఈగ వస్తుంది.

ఈ పాకే అలవాటును గుర్తుపెట్టుకోండి. మనకు అది దొరికే సమయం అదే.

కుట్టే ఈగకు ఉత్త పేడ అంత ఇష్టం ఉండదు. దానికి కావాల్సింది పేడ, మూత్రం కలిసి పులిసిన గడ్డి. పశువు నమిలి పారేసిన జొన్నచొప్ప ముక్కలు, గాడి కింద రాలిన గడ్డి, కారుతున్న నీళ్ల తొట్టి పక్క బురద, దూడల కింద పరిచిన వరిగడ్డి, వానకి అడుగు నానిన గడ్డివామి. గుడ్డు నుంచి ఈగ దాకా మన వేడిలో రెండు మూడు వారాలు. పేడ రోజూ శుభ్రంగా ఎత్తేవాళ్ల కొట్టంలో కూడా కుట్టే ఈగ ఎందుకు తగ్గదని అడిగితే, పది చోట్ల తొమ్మిదింట జవాబు గాడి కింద ఉంటుంది.

గేదె ఈగది ఇంకో పద్ధతి. పశువు పేడ వేసిన నిమిషాల్లోనే దిగి, ఆ వేడి పేడ అంచున గుడ్లు పెట్టి మళ్లీ పశువు మీదికి చేరుతుంది. చల్లారి పెచ్చు కట్టిన పేడ దానికి పనికిరాదు. కలిపి కుప్ప పోసిన పేడ కూడా అంతే. కదలకుండా పడి ఉన్న పేడకడిలోనే దాని పిల్లలు ఒక వారం, పది రోజుల్లో ఈగలవుతాయి. అందుకే పేడ ఎప్పటికప్పుడు ఎత్తి పిడకలు చరిచే ఇళ్ల దగ్గర గేదె ఈగ పెద్దగా ఉండదు, బీళ్లలో మేసే మందల్లో వందల లెక్కన ఉంటుంది. పిడకలు కొట్టే ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న ఈగల నివారణకు పశువైద్యం పుస్తకాల్లో రావాల్సినంత పేరు రాలేదు.

జోరీగ చెరువు గట్టున, వరి మళ్ల అంచున, నీళ్ల మీదికి వంగిన ఆకుల మీద గుడ్లు పెడుతుంది. వందల గుడ్లు ఒకే ముద్దగా, మొదట తెల్లగా, ఒకటి రెండు రోజుల్లో నల్లగా. పిల్లలు బురదలోకి జారి, అక్కడి పురుగులనే తింటూ నెలల తరబడి బతుకుతాయి. కొట్టం ఎంత శుభ్రం చేసినా జోరీగ తగ్గకపోవడానికి కారణం ఇదే, అది మన దొడ్లో పుట్టదు.

ఈగలను తినేవాళ్లు

పంట పొలాల్లో మిత్రపురుగులు, బదనికలు (వేరే పురుగు ఒంట్లో పెరిగి దాన్నే తినేవి) అన్న మాటలు రైతులకు అలవాటే. పెంటకుప్పలోనూ అలాంటి సైన్యం ఉంది, ఎవరూ చూడరంతే.

మొదట చెప్పుకోవాల్సింది స్పలాంజియా, మస్సిడిఫ్యూరాక్స్ అనే కందిరీగ జాతులు. కందిరీగ అన్నానని కంగారు పడకండి, బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. మనిషినీ పశువునూ కుట్టలేవు. ఆడది పేడ సందుల్లో నడుస్తూ ప్యూపా వెతికి, పెంకుకు సన్న రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఈగను లోపలే తినేస్తుంది. మస్సిడిఫ్యూరాక్స్ పై పొరల్లో వెతికితే స్పలాంజియా వేళ్ల లోతు దాకా దిగుతుంది. రెండూ ఉంటే మంచిది. మస్సిడిఫ్యూరాక్స్ రెండు రెండున్నర వారాల్లో, స్పలాంజియా మూడు నాలుగు వారాల్లో బయటపడతాయి.

రెండోది మాక్రోకీలస్ అనే నల్లి, మంచంలో ఉండే నల్లి కాదు. ఎరుపు గోధుమ రంగు, మిల్లీమీటరు కూడా ఉండదు. దీనికి రెక్కల్లేవు, కాబట్టి ఈగ మీదే సవారీ చేస్తుంది. ఈగ పొట్ట కింద ఎర్రగా అతుక్కుని తాజా పేడ దాకా వెళ్లి, అక్కడ దిగి ఆ ఈగ పెట్టిన గుడ్లే తింటుంది. రోజుకు ఇరవై గుడ్ల దాకా తినగలదు. ఈగకు పేలు పట్టిందనుకునేవాళ్లు చూసేది చాలాసార్లు ఈ ప్రయాణికులనే. ఇవి ఉండేది కుప్ప పైపొరలో, అదీ ఒక మోస్తరు తడిలో. కొత్త కుప్పలో ఇవి నిలదొక్కుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది.

నల్లగా మెరుస్తూ, ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉండే గుండ్రటి పెంకుపురుగు హిస్టర్ జాతిది. ఈగ గుడ్లు, చిన్న పురుగులు దీని తిండి. రెక్కలు పొట్టిగా ఉండి, తోకను తేలులా పైకెత్తి పరిగెత్తే సన్నటి పురుగు ఇంకొకటి. తేలుపిల్ల అనుకుని నలిపేస్తుంటారు, పాపం. దాని జాతిలో కొన్ని ఈగ పిల్లలను తింటాయి, కొన్నింటి పిల్లలు ఈగ ప్యూపాలోకే దూరతాయి.

పేడపురుగు ఈగను తినదు, ఈగ కూడు లాక్కుంటుంది. బీట్లో పడ్డ పేడకడిని ఇవి రెండు మూడు రోజుల్లో గుల్ల చేసి, భూమిలోకి దింపి, మిగిలింది ఎండిపోయేలా చేస్తాయి. గేదె ఈగ పిల్ల పెరగడానికి అంత వ్యవధి దొరకదు. ఇది ఎంత ముఖ్యమో ఆస్ట్రేలియా అనుభవం చెబుతుంది. అక్కడి పేడపురుగులు కంగారూ పెంటికలకు అలవాటు పడ్డవి, ఆవు పేడ జోలికి పెద్దగా పోలేదు. పేడ నెలల తరబడి బీళ్లలో పడి ఉండి ఈగలు విపరీతమయ్యాయి. జార్జ్ బోర్నెమిస్సా అనే కీటక శాస్త్రవేత్త పట్టుదలతో అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 1960లలో మొదలుపెట్టి ఆఫ్రికా, ఐరోపాల నుంచి పేడపురుగులను తెచ్చి వదిలింది. మనకు దిగుమతి చేసుకోవాల్సిన అవసరం లేదు, ఉన్నవాటిని చంపకుండా ఉంటే చాలు. ఎలా చంపుతున్నామో కింద చెప్తాను.

చలికాలంలో గోడకో, వేలాడే తాడుకో రెక్కలు పైకి లేపి, పొట్ట ఉబ్బి, దాని మీద తెల్లటి చారలతో అతుక్కుని చచ్చిన ఈగ కనబడితే చీపురుతో దులిపేయకండి. అది ఎంటమాఫ్తోరా అనే శిలీంధ్రం పని. ఆ తెల్లటి పొడి పక్కన వాలిన ఈగలకు అంటుకుంటుంది. చల్లగా, తేమగా ఉన్నన్నాళ్లే దాని ప్రతాపం.

నల్ల సైనిక ఈగ అని ఒకటుంది. దాని పురుగు బూడిద రంగులో, చదునుగా, తోలులా గట్టిగా, రెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అది నిండిన పెంటలో ఇంటి ఈగ గుడ్లు పెట్టడానికి జంకుతుంది. కుట్టదు, ఇంట్లోకి రాదు. చూడ్డానికి భయంకరంగా ఉందని మందు కొట్టకండి.

జోరీగ శత్రువులు వేరు. తూనీగలు గాల్లోనే పట్టుకుంటాయి, ఇసుకలో బొరియలు తవ్వే ఒక రకం కందిరీగ వాటిని పట్టి పిల్లలకు మేపుతుంది, వాటి గుడ్ల ముద్దలను నలుసంత బదనికలు లోపలినుంచి తినేస్తాయి. తెల్లకొంగ, గోరింక, ఏట్రింత పశువుల చుట్టూ తిరిగితే చూడ్డానికి బాగుంటుంది, కొంత లాభమూ ఉంది. కాకపోతే కొంగ ఎక్కువగా తినేది పశువు నడకకి లేచే మిడతలను. దాని మీద ఆశ పెట్టుకుని పేడ ఎత్తడం మానితే కుదరదు.

మీ కుప్పలో శత్రువులు ఉన్నారా? సీసా పరీక్ష

దీనికి కావాల్సినవి ఒక బకెట్, రెండు గాజు సీసాలు, పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండ్లు. కుప్ప అంచుల నాలుగు వైపుల నుంచీ నాలుగు దోసిళ్ల మట్టి, పాత పేడ తీయండి. బకెట్ నీళ్లలో పోసి కలపండి. ప్యూపాలు తేలతాయి, మట్టి మునుగుతుంది. టీ వడగట్టుతో వాటిని తీసి వెంటనే పాత కాగితం మీద నీడలో ఆరబెట్టండి. నీళ్లలో గంటలు నానబెడితే లోపలి ప్రాణి చస్తుంది, పరీక్ష పాడవుతుంది.

ముందుగా ఖాళీ పెంకులను విడిగా చూడండి. కొస మూతలా ఊడిపోయి ఉంటే దాంట్లోంచి ఈగ వచ్చినట్టు. మూతి చెక్కుచెదరకుండా పక్కన గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు ఉంటే దాంట్లోంచి కందిరీగ వచ్చినట్టు. ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు.

నిండుగా ఉన్నవి 100 లెక్కపెట్టి సీసాలో వేసి గుడ్డ కట్టి, నీడలో ఉంచండి. వారంలో ఈగలన్నీ వచ్చేస్తాయి, లెక్కపెట్టి పారేయండి. మిగిలిన ప్యూపాలను రెండో సీసాలోకి మార్చి ఇంకో నాలుగు వారాలు ఆగండి. చీమలంత నల్లటి రెక్కల పురుగులు వస్తే అవే మన మనుషులు. నూటికి ఐదారు కూడా రాకపోతే ఆ కుప్ప మీద ఇటీవల మందు పడి ఉండాలి, లేదా కుప్ప మరీ కొత్తదై ఉండాలి. చాలామంది చేసే పొరపాటు, వారం రోజులకే సీసా పారేయడం. అప్పటికి వచ్చేది ఈగలే కాబట్టి, మన కుప్పలో శత్రువులే లేరన్న తప్పుడు తీర్మానానికి వస్తారు.

ఇదే పద్ధతిని కొంచెం పెద్దది చేస్తే కందిరీగల నర్సరీ అవుతుంది. ఒక పాత కుండ తీసుకుని అడుగున రెండు వేళ్ల మందాన పొడి మట్టి వేయండి. వారానికోసారి ఏరిన ప్యూపాలను అందులో పోసి, మూతికి కిటికీలకు కొట్టే దోమల జాలీ బిగించి కట్టండి. ఈగ ఆ జాలీలోంచి దూరలేదు, రెండు మూడు రోజుల్లో తిండి లేక చస్తుంది. కందిరీగ దూరి బయటికొచ్చి కుప్పలోకి వెళ్తుంది. కుండను కుప్పకు నాలుగడుగుల దూరంలో, వాన, ఎండ తగలని చోట, చీమలెక్కకుండా నీళ్ల పళ్లెంలో పెట్టాలి. జాలీ వదులుగా కడితే పని చెడుతుంది. గూడు నుంచి అప్పుడే వచ్చిన ఈగ ఒళ్లు మెత్తగా ఉంటుంది, చిన్న సందు దొరికినా నొక్కుకుని బయటపడుతుంది. ప్యూపాలతో పాటు పురుగులు పడితే ఏరేయండి. ఐదు వారాలయ్యాక అడుగున మిగిలిన పెంకులను పారబోసి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

వారం లెక్కలో పని

నాలుగైదు పశువులున్న ఇంట్లో రోజుకు 50 నుంచి 70 కిలోల పేడ వస్తుంది. దాన్ని వారానికి మించి ఒకచోట పచ్చిగా, కదపకుండా ఉంచకూడదు. మొత్తం పద్ధతి ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

గోబర్ గ్యాస్ ఉంటే అంతకన్నా సుఖం లేదు, పేడ రోజూ తొట్టిలోకి పోతుంది. లేకపోతే మూడు చోట్లు పెట్టుకోండి. మొదటి చోట ఏడు రోజుల పేడ పోయాలి. ఉత్త పేడ గాలాడక వేడెక్కదు కాబట్టి మూడు గంపల పేడకు ఒక గంప పొడి చెత్త, ఊక, ఎండుటాకులు కలపండి. గుప్పిట్లో పిండితే చెమ్మ తెలియాలి, నీళ్లు కారకూడదు. కారుతుంటే పొడి తక్కువైంది. ఏడో రోజు దాన్ని రెండో చోటికి తిరగేస్తూ మార్చండి, అంచుల్లో ఉన్నది మధ్యకి పోవాలి. లోపలి వేడి 50 డిగ్రీలు దాటితే పురుగు బతకదు, అందుకే అవి అంచులకు పాకేది. తిరగేశాక నల్ల పాలిథిన్ పట్టా కప్పి, చుట్టూ జానెడు వెడల్పున మట్టి వేసి తొక్కండి. అంచు బిగించకుండా వదిలితే పురుగులన్నీ ఆ సందులోకే చేరి అక్కడే గూళ్లు కడతాయి, పట్టా కప్పినా ఈగలు తగ్గలేదంటారు. నాలుగు రోజులకు ఒకసారి పట్టా తీసి మళ్లీ తిరగేస్తే ఇంకా మంచిది. మూడు వారాలకు అది మూడో చోటికి, అంటే ఎరువు దిబ్బలోకి పోవచ్చు.

పట్టా కింద ఈగలతో పాటు శత్రువులూ చస్తారు, నిజమే. అందుకే మూడో చోట పాత, ఆరిన ఎరువును జానెడు మందాన ఎప్పుడూ కప్పకుండా వదలాలి. పొలానికి తోలేటప్పుడు కూడా నేల కనబడేలా ఊడ్చేయకుండా ఆ పొర మిగల్చండి. నల్లులకు, పెంకుపురుగులకు అదే పుట్టిల్లు. కొత్త పేడ వచ్చిన రోజే అవి అక్కడి నుంచి పాకుతాయి.

నాటుకోళ్లు నాలుగుంటే సాయంత్రం రెండు గంటలు కుప్ప దగ్గర వదలండి. పురుగునీ ప్యూపానీ ఏరుకుని తింటాయి, తడి పొరను కెలికి ఆరబెడతాయి. రోజంతా వదిలితే కుప్పంతా చిమ్మి, మిత్రపురుగులనీ తినేస్తాయి.

కుట్టే ఈగ కోసం చేయాల్సింది వేరు. వారానికి ఒక రోజు, ఏ శనివారమో పెట్టుకుని, గాడి కింద, తొట్టి వెనక, మూత్రం కాలువ చివర, కొట్టం మూలల్లో నానిన గడ్డినంతా పారతో గీకి తీయండి. కారే నల్లా ముందు బాగుచేయించండి. దూడల కింద వరిగడ్డి బదులు ఇసుకో రంపపు పొట్టో పరిస్తే ఈగలు బాగా తగ్గుతాయి, ఆ ఒక్క మార్పుకే ఫలితం కళ్లకు కనబడుతుంది. గడ్డివామిని నేల మీద కాకుండా రాళ్లు, దుంగల మీద అడుగెత్తున వేయండి. తొలకరికి అడుగు నానితే ఆ పొరను తీసి ఎండబెట్టాలి.

బీళ్లలో మేసే మందకైతే, పశువులు తిరిగిన చోట పేడకడులను మూడు రోజుల లోపు కర్రతో చెదరగొట్టండి. ఎండలో పల్చగా పడితే ఒకటి రెండు రోజుల్లో ఎండి గేదె ఈగ పిల్ల చస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇది పనిచేయదు, అప్పుడు ఎత్తుకురావడమే. పేడపురుగులు అప్పటికే గుల్ల చేసిన కడిని మాత్రం కదపొద్దు, వాటి పని అవి చేస్తున్నాయి.

జోరీగల కాలంలో మధ్యాహ్నం పశువును చీకటిగా ఉన్న పాకలో కట్టేయండి, అవి నీడలోకి రావడానికి ఇష్టపడవు. గేదెను నీళ్లలోకి వదలడం కూడా మంచి ఉపాయమే.

ఎక్కడ చెడుతుంది

వేపాకు, వావిలాకు పొగ ఈగలను ఆ కాసేపు తరుముతుంది. కుప్పలో పెరిగే పురుగుకు ఆ పొగతో సంబంధం లేదు. మూసిన కొట్టంలో పొగ పెడితే ఈగకన్నా ముందు దూడ దగ్గుతుంది. పాలు పితికే అరగంట వాడుకోండి, అంతే.

బెల్లం నీళ్ల సీసాల్లో పడేది ఇంటి ఈగ. కుట్టే ఈగకు రక్తం కావాలి, దాన్ని సీసాతో పట్టలేరు. నీలం, నలుపు బట్టలతో కుట్టిన ఉచ్చులకు అది, జోరీగ రెండూ వస్తాయి. ఆఫ్రికాలో పశువుల ఈగలకు ఇలాంటివే వాడతారు. పాలు పితికే చోట కాళ్లకు గాలి తగిలేలా ఫ్యాన్ పెట్టడం మన కొట్టాలకు ఇంకా తేలిక.

కుప్ప మీద సున్నం చల్లితే పై పొరలో నల్లి చస్తుంది, ఎరువులోని నత్రజని అమ్మోనియా వాసనగా గాల్లో కలుస్తుంది. సున్నాన్ని గోడలకీ, ఎండిన కాలువకీ ఉంచుకోండి.

మందు తప్పదనుకుంటే పేడకు తగలకుండా, ఈగ రాత్రి వాలే చోటనే కొట్టాలి. దూలాలు, వేలాడే తాళ్లు, స్తంభాల పై భాగం అలాంటివి. సాయంత్రం టార్చి వేసి చూస్తే నల్లటి చుక్కల రెట్టతో ఆ చోట్లు తెలిసిపోతాయి. డెల్టామెత్రిన్ లాంటివి లేబుల్ మీది మోతాదు దాటకుండా, తొట్టి, గాడి, పాల సామాను కప్పి వాడాలి. ఒకే రకం మందు ఏళ్ల తరబడి కొడితే ఈగలు దానికి అలవాటుపడి చావడం మానేస్తాయి.

పేడపురుగులను మనకు తెలియకుండా చంపుతున్నది ఐవర్‌మెక్టిన్. కడుపులో పురుగులకు, పిడుదులకు వేసే ఆ ఇంజెక్షన్ మందులో ఎక్కువ భాగం పేడలోనే బయటికొస్తుంది. రెండు మూడు వారాల పాటు ఆ పేడలో పేడపురుగు పిల్లలు పెరగలేవు. కాబట్టి తొలకరి తర్వాత పేడపురుగులు ముమ్మరంగా తిరిగే నెలల్లో మందంతటికీ ఒకేసారి వేయించకండి. అవసరమైన పశువుకే వేయించి, దాని పేడను ఆ మూడు వారాలు బీట్లో వదలకుండా పట్టా కింద కుప్పలో వేయండి. పాలిచ్చే పశువుకు ఈ మందు వేయకూడదన్నది ఎలాగూ ఉంది. మీ పశువైద్యుడితో మాట్లాడి వేరే మందు ఎంచుకోవచ్చు.

ఇవన్నీ చేస్తున్నప్పుడు ఫలితం ఉందో లేదో కంటి అంచనాతో చెప్పకండి. వారానికి ఒకసారి, ఒకే వేళకి, ఐదారు పశువుల ముందుకాళ్ల మీద కుట్టే ఈగలను లెక్కపెట్టి గోడ మీద రాయండి. ఒక్కో కాలికి సగటున ఐదు దాటితే పాలకూ బరువుకూ దెబ్బ తగులుతోందని అమెరికాలో రైతులకు చెప్పే లెక్క. గేదె ఈగకైతే పశువుకు 200. మొదటి రెండు వారాలు అంకె కదలకపోవచ్చు, మీరు పని మొదలుపెట్టే నాటికే గూళ్లలో ఉన్న ఈగలు అవి. మూడో వారం నుంచి దిగాలి. దిగకపోతే గాడి కిందికి ఇంకోసారి వంగి చూడండి. అక్కడ కూడా పొడిగా ఉంటే, పక్క దొడ్డి వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిందే. కుట్టే ఈగ కిలోమీటర్లు ఎగరగలదు.